ఈతకొలను గట్టున కుండీలు

ఏప్రిల్ 28

బుల్లి పంతులమ్మకి,

మావయ్య రాస్తున్నాడు. క్షేమంగానే ఉన్నాను. రెండు చెవుల్లోనూ దూది కూరి, తల చుట్టూ గుడ్డ చుట్టి, డాక్టరు నన్ను వాసెన కట్టిన జాడీలా తయారుచేశాడు. ఇన్నేళ్ళు నీళ్ళలో మునిగి తేలిన చెవులు కదా, లోపల ఏదో చెడిందట, బాగుచేశాడట. ఇప్పుడు ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు బావి అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. మెసేజ్ పెట్టొచ్చుగా అంటావేమో, ఆ ఫోను నాతోపాటు ఎన్నిసార్లు పూల్‌లోకి దూకిందో నీకు తెలుసు. తెర మీద సగం అక్షరాలే కనిపిస్తాయి. మిగతా సగం నేను ఊహించుకోవాలి. అందుకని ఉత్తరాలు. నీకు రాయడమంటే సరదా, నాకిక్కడ చదవడం తప్ప పని లేదు.

మీ అమ్మ నాతో పలక మీద రాసి మాట్లాడుతోంది. పొద్దున 'తిన్నావా' అని రాసింది, మధ్యాహ్నం దాన్నే మళ్ళీ చూపించింది, సాయంత్రం కూడా. తుడిచే శ్రమ కూడా లేదు మా అక్కకి. నీ గదిలో, నీ మంచం మీద, నీ పుస్తకాల మధ్య పడుకున్నాను. నువ్వక్కడ పంపు గది పైన నా మంచం మీద ఉన్నావు. మంచాలు మార్చుకున్నాం. నిద్రలు కూడా మారకుండా ఉంటే చాలు, ఎందుకంటే నేను గురక పెడతాను.

నువ్వు వచ్చేలోపే నన్ను ఆస్పత్రికి లాక్కుపోయారు కాబట్టి చెప్పాల్సినవి ఇప్పుడు చెబుతున్నాను. ఈత నేర్పే సంగతి ఈలక్క చూసుకుంటుంది. ఒకప్పుడు నా దగ్గరే నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు మెడలో ఈల లేకుండా కనపడదు. నీ పని నీళ్ళు. రోజూ పొద్దున్నే చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, సీసాలోని మందు చుక్కలు వెయ్యి. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి తిరుగుతాయి. పెట్టె మీద రంగుల గళ్ళున్నాయి, వాటితో పోల్చుకో. లేత పసుపు వస్తే బాగున్నట్టు. ముదిరితే ఎక్కువైనట్టు. రంగే రాకపోతే పిల్లల్ని నీళ్ళలోకి దింపకు. క్లోరిన్ పొడి కలిపేటప్పుడు బకెట్లో ముందు నీళ్ళు, తర్వాత పొడి. తలకిందులు చేశావో, నీ కళ్ళూ ముక్కూ నిన్ను తిడతాయి.

ఇక కుండీలు. మన పద్ధతి నీకు తెలుసుగా. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, నీళ్ళ మీద కట్టిన తాడు వెంబడి, మొదటిసారి ఈదినవాళ్ళకి ఒక కుండీ. వాళ్ళకి నచ్చిన మొక్క వాళ్ళే నాటుకుని, గట్టున వరుసలో పెట్టుకుంటారు. సెలవులయ్యాక చివరి రోజున ఎవరి కుండీ వాళ్ళు చంకన పెట్టుకుని ఇంటికి పోతారు. పొద్దున్నే పూల్ నీళ్ళతో నీలం టబ్బు నింపి ఉంచు, సాయంత్రం పిల్లలే మగ్గులతో ముంచి పోసుకుంటారు. మొక్కలకి చల్లనీళ్ళు పడవు, అదొక్కటి గుర్తుంచుకో.

జూన్ పదిహేనుకి, ఆ చివరి రోజుకి, కట్టు విప్పించుకుని వచ్చేస్తాను. అప్పటిదాకా నా పూల్ నీ చేతుల్లో ఉంది. కంగారుపడకు. పడినా గట్టు మీదే పడు.

ఇట్లు,
జాడీ మావయ్య

&nbsp;

మే 3

జాడీ మావయ్యకి,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను, తర్వాత పంపు గదిలో చదివాను, మధ్యాహ్నం ఈలక్కకి చదివి వినిపించాను. ఆవిడ ఈల నోట్లో ఉన్న సంగతి మర్చిపోయి నవ్వడంతో అది మోగింది. నీళ్ళలో ఉన్న పిల్లలందరూ టక్కున ఆగిపోయారు.

కొలను గురించి చెబుతాను. పొద్దున ఎవరూ లేనప్పుడు నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పలకల మధ్య గీతలు కూడా లెక్కపెట్టవచ్చు. 'తేట' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో, కానీ ఇక్కడికి వచ్చాకే దాన్ని కళ్ళతో చూశాను. ఎండ పడగానే ఆ గీతలన్నీ వణకడం మొదలుపెడతాయి. నేను గట్టు అంచుకి మాత్రం వెళ్ళను. వలకర్ర పొడుగ్గా ఉంది కాబట్టి దూరం నుంచే ఆకులు తీసేస్తున్నాను. నేను గట్టు మనిషినని నీకు తెలిసిందేగా.

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. కొన్ని ఇంకాస్త బాగా చేస్తున్నాను కూడా. ఉదాహరణకి నీలం టబ్బు. అది ఎండలో పడి ఉంది, నిండా ఆకులూ పురుగులూ. దాన్ని శుభ్రంగా కడిగి, పంపు గది నీడలోకి జరిపి, చెక్క మూత పెట్టాను. ముందు కొలనులో పొడి కలిపి, నీళ్ళు పూర్తిగా శుభ్రమయ్యాకే టబ్బు నింపుతున్నాను. పిల్లల మొక్కలకి మురికినీళ్ళు ఎందుకు పోయాలి?

ఇప్పటికే వరుసలో చాలా కుండీలు చేరాయి. నువ్వు 'సందేహం' అని పేరు పెట్టిన పిల్ల ఉంది చూడు, అది నిమ్మ మొక్క నాటుకుంది. వచ్చిన వెంటనే, తువ్వాలు కూడా భుజాన వేసుకోకుండా, దాని ముందు గొంతుకు కూర్చుంటుంది. "అక్కా, నిమ్మకాయ ఎప్పుడు కాస్తుంది? నా పెళ్ళికి ముందా, తర్వాతా?" అంది నిన్న. 'రాయి' కలబంద నాటాడు. నీళ్ళలో వేస్తే తిన్నగా అడుక్కి పోతాడు కాబట్టి వాడికి ఆ పేరు పెట్టావట, అంత పెద్దమనిషివి నీకది బాగుందా అని వాళ్ళమ్మ అడగమంది. రాయికి మాత్రం ఆ పేరంటే భలే గర్వం.

ఒక్క సాయం చెయ్యి మావయ్యా. నా గది కిటికీ దగ్గర ఒక కుండీ ఉంటుంది. అందులో మొక్క ఏ జాతిదో నాకూ తెలియదు. నేను పోస్తే రెండ్రోజులు పోస్తాను, లేకపోతే రెండు వారాలు మర్చిపోతాను. దానికి కాస్త నీళ్ళు పోస్తూ ఉండు.

నీ
గట్టు మనిషి

&nbsp;

మే 8

గట్టు మనిషికి,

నీ ఉత్తరం మీ అమ్మ ముందే విప్పి చదివేసి, పలక మీద 'బాగా రాసింది' అని రాసి తెచ్చింది. 'తిన్నావా' తర్వాత ఆవిడ రాసిన కొత్త మాట ఇదే.

పూల్‌ని నువ్వు కొలను కొలను అంటుంటే, నేను వచ్చేసరికి అందులో తామరలు పూయించేస్తావేమోనని భయంగా ఉంది. రాయివాళ్ళమ్మకి చెప్పు, నా చిన్నప్పుడు నన్ను ఇనప్పెట్టె అనేవాళ్ళని. టబ్బుకి మూత పెట్టడం మంచి పని. ఆ మధ్య ఒక కప్ప రాత్రంతా అందులో ఈత కొట్టి, పొద్దున పిల్లలందర్నీ కేకలు పెట్టించింది.

నీ కిటికీ మొక్కని పరామర్శించాను. అది మొక్క కాదు, మొక్క జ్ఞాపకం. ఉన్న నాలుగు ఆకులూ కిందికి వేలాడుతున్నాయి. బతికిస్తానని మాట ఇవ్వలేను, చూస్తాను.

డాక్టరు చెవిలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. మీ అమ్మకి వినపడింది, పలక మీద మాత్రం రాయలేదు. అడిగితే 'తిన్నావా' అని చూపించింది.

ఇట్లు,
మాజీ ఇనప్పెట్టె

&nbsp;

మే 13

మావయ్యకి,

ఈసారి నవ్వించే ఉత్తరం రాయలేను, ఏమనుకోకు.

మొక్కలు మాడుతున్నాయి. మొదట సందేహం నిమ్మ మొక్క. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. తర్వాత రెండు గులాబీలు. ఇప్పుడు వరుసలో దాదాపు అన్నిటికీ ఏదో ఒక మూల మచ్చ ఉంది. నీళ్ళు తక్కువయ్యాయా అంటే మట్టి తడిగానే ఉంది. పురుగు పట్టిందా అంటే ఆకు వెనకా ముందూ ఎంత వెతికినా ఒక్కటీ లేదు.

నిన్న రాయివాళ్ళమ్మ వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చి, కుండీల ముందు నిలబడిపోయింది. "ఏమ్మా, మొక్కలే ఇలా మాడిపోతుంటే మా పిల్లల ఒళ్ళు ఏం కావాలి? అసలు నీళ్ళలో ఏం కలుపుతున్నారు?" అంది. నేను గాజు గొట్టం చూపించాను, లేత పసుపు చూపించాను. ఆవిడ నా మొహం చూసింది తప్ప గొట్టం చూడలేదు. తర్వాత ఇంకో ఇద్దరు తల్లులతో గేటు దగ్గర నిలబడి మాట్లాడింది. చివరి రోజున పిల్లలు ఎండుపుల్లలు చంకన పెట్టుకుని ఇంటికి పోతే, వచ్చే ఏడాది ఈ గేటు తీసే పని ఉండదు మావయ్యా. నీ పూల్‌ని నీళ్ళతో సహా ముంచేసినదాన్ని నేనే అవుతాను.

బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. క్లోరినే కారణమై ఉండాలి. అందుకే ఇవాళ్టినుంచి పొడి సగమే వేస్తున్నాను.

నీ మేనకోడలు

&nbsp;

మే 17

పంతులమ్మా,

ఈ ఉత్తరం అందిన నిమిషంలో లేచి వెళ్ళి పొడి మామూలుగా వెయ్యి. చదవడం తర్వాత పూర్తిచేద్దువు.

వేశావా? ఇప్పుడు విను. పొడి తగ్గిస్తే నీళ్ళు చెడతాయి, నీళ్ళు చెడితే పిల్లలకి జబ్బులొస్తాయి. ఇన్నేళ్ళుగా ఇదే పొడి, ఇదే కొలత. మొక్కలు ఏనాడూ మాడలేదు. నేను చెప్పేది ఒక్కటే, వాటికి చలి చేసింది. పూల్ నీళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, తిన్నగా వేళ్ళ మీద పోస్తే జడుసుకోవా? నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. వెచ్చని నీళ్ళు పోయించు, పదిరోజుల్లో తేరుకుంటాయి.

ఇంతకంటే రాయలేను. మీ అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, డాక్టరు దగ్గరికి.

మావయ్య

&nbsp;

మే 22

మావయ్యకి,

ఇంత చిన్న ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. కోపం వచ్చిందని అర్థమైంది. రావాల్సిందే. జరిగింది వరుసగా చెబుతాను, ఆ తర్వాత ఇంకా రావచ్చు.

నీ ఉత్తరం అందేలోపే కొలను పచ్చబడింది. ముందు మసక, తర్వాత మూలల్లో జారుడు, ఒక పొద్దున లేచి చూస్తే అడుగు కనపడలేదు. 'తేట' గురించి అంత గొప్పగా రాశానా, నాచు ముందు నా మాటలన్నీ తేలిపోయాయి. ఈలక్క గేటుకి బోర్డు తగిలించింది. ఇద్దరం గోడలు రుద్దాం. నేను గట్టు మీంచి పొడుగు బ్రష్‌తో, ఆవిడ లోపల దిగి. అడుగు కనపడాలని పొడి గట్టిగా వేశాం. మళ్ళీ తేటపడ్డాక, రంగు తగ్గి లేత పసుపు వచ్చేదాకా పిల్లల్ని దింపలేదు. ఆ రోజుల్లోనూ కుండీలకి మాత్రం నేను మర్చిపోకుండా టబ్బు నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

నువ్వు చెప్పినట్టే వెచ్చబెట్టి పోశాను. స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి, టబ్బులోంచి ముంచి, గోరువెచ్చన కాగానే దించి, వేలు పెట్టి చూసి, ఒక్కొక్క కుండీకీ పోశాను. ఈలక్క చూసి, "వాటికి ఒళ్ళు కూడా రుద్దుతావా?" అంది. ఇంత చేసినా లాభం లేదు. ముందుకంటే ఎక్కువ మాడాయి. నిమ్మ మొక్కకి పై రెండు కొమ్మలే మిగిలాయి.

అసలు చెప్పాల్సింది ఇంకొకటి. నిన్న అందరూ వెళ్ళిపోయాక సందేహం మాత్రం కుండీ ముందు కూర్చుని ఉంది. ఏమైందని అడిగాను. రాలిన ఆకులు ఒళ్ళోకి ఏరుకుంటూ, "అక్కా, ఇది నావల్లే చచ్చిపోతోంది" అంది. "ఆ రోజు ఈదినప్పుడు మధ్యలో తాడు పట్టుకున్నాను. ఒక్క నిమిషమే. మావయ్య అటు తిరిగి ఉన్నాడు, చూళ్ళేదు. మొక్కకి తెలిసిపోయింది" అని ఒకటే ఏడుపు.

నేను ఏదో సముదాయించాను. కానీ ఇవాళ అది అందరికీ చెప్పేసింది. అంతే, ఒక్కొక్కరూ బయటపడ్డారు. ఒకడు కాలితో అడుగు తన్నాడట, ఒకమ్మాయి గోడ పట్టుకుందట, ఇద్దరు ఒకరినొకరు పట్టుకున్నారట. ఇప్పుడు పిల్లలందరూ క్లాసు మానేసి, మొక్కలు బతకాలని మళ్ళీ మొదటినుంచీ నిజాయితీగా ఈదుతున్నారు. ఈలక్క ఈల ఊదినా ఎవరూ వినడం లేదు. ఇంత బాగా ఎప్పుడూ ఈదలేదంటోంది ఆవిడ. రాయి ఒక్కడే గట్టు మీద కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. "నేను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తాడు పట్టుకునే ఉన్నా. నా కలబంద చూడు" అన్నాడు. అది నిజంగానే నవనవలాడుతోంది మావయ్యా.

నవ్వొస్తోంది కదా. నాకు రావడం లేదు. నువ్వు ఊఁ అంటే ఎవరినైనా తెలిసినవాళ్ళని పెట్టి నేను వచ్చేస్తాను. నేను పుస్తకాల్లోనే పనికొస్తానేమో.

నీ మేనకోడలు

&nbsp;

మే 27

నా తల్లీ,

కోపమెక్కడిది? ఆ రోజు మీ అమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కుపోతుంటే అంతే రాయగలిగాను. నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే చెవులు నొప్పెట్టాయి. స్టవ్ సంగతి దగ్గరికి వచ్చేసరికి మీ అమ్మ కూడా పలక కింద పెట్టి నవ్వింది. నువ్వు రానక్కర్లేదు. పచ్చబడ్డ పూల్‌ని మళ్ళీ తేటపరిచినదానివి, ఇంక నీకంటే తెలిసినవాళ్ళని నేనెక్కణ్ణించి తేను?

ముందు సందేహం సంగతి. దానికి నా మాటగా చెప్పు, నేను చూశాను. అటు తిరిగి ఉన్నట్టు కనిపించాను కానీ చూశాను. ఇన్నేళ్ళలో మధ్యలో ఏదో ఒకటి పట్టుకోని పిల్లని నేనింతవరకూ చూడలేదు. లోతు మొదలయ్యే చోట నీళ్ళ రంగు మారుతుంది. అక్కడ ఎవరికైనా గుండె జారుతుంది, చెయ్యి తాడు మీదికి పోతుంది. నేను చూసేది పట్టుకున్నారా లేదా అని కాదు. వదిలారా లేదా అని. అది పట్టుకుంది, గుటక మింగింది, ఆ గట్టు వైపు ఒకసారి చూసింది, వదిలింది. ఆ వదిలినందుకే కుండీ. వీపు చూపిస్తూ నిలబడ్డానంటే, వాళ్ళంతట వాళ్ళు వదిలే వీలు ఇచ్చాననుకో. రాయి సంగతి మాత్రం నాకు తెలియదు. వాడు చివరిదాకా పట్టుకునే ఉన్నాడంటే నేను నిజంగానే అటు తిరిగి ఉండాలి.

ఇక మొక్కల సంగతికి వస్తే, నా బుర్రకి ఏమీ తోచడం లేదు. చలి కాకపోతే మట్టి అయి ఉండాలి. మట్టి మార్చి చూడు.

ఇక్కడ నీ మొక్క మాత్రం లేచి కూర్చుంది. కొత్త ఆకులు రెండు వేసింది, మూడోది ముడుచుకుని ఉంది. మీ అమ్మ నమ్మలేక కళ్ళజోడు పెట్టుకుని వచ్చి చూసింది. నేను చేసేదేం లేదు. పొద్దున్నే కుళాయి నీళ్ళు గ్లాసుతో పట్టి కిటికీ గట్టు మీద ఎండలో పెడతాను, సాయంత్రం వెచ్చబడ్డాక పోస్తాను. మీ అమ్మ రెండుసార్లు ఆ గ్లాసు తాగడానికని పెట్టుకున్నాననుకుని మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది. మూడోసారి నేను పలక తీసుకుని 'ముట్టుకోకు' అని రాశాను. దానిమీద ఆవిడ అలిగి ఆ పూటంతా నాతో రాయలేదు.

డాక్టరు ఏమన్నాడో ఎట్టకేలకు రాసి చూపించింది. ఇకమీదట తల నీళ్ళలో ముంచకూడదట. గట్టు మీద నిలబడి ఎంతైనా నేర్పుకోవచ్చట, మునగడం మాత్రం లేదట. లేచి నీ మొక్కకి నీళ్ళు పోశాను. పర్లేదు, గట్టు మనుషులు ఇద్దరమయ్యాం.

ఇట్లు,
కొత్త గట్టు మనిషి

&nbsp;

మే 31

మావయ్యకి, గ్లాసు మావయ్యకి, ఎండలో గ్లాసు పెట్టుకునే మావయ్యకి,

దొరికింది! మెట్ల మీద నిలబడే రాస్తున్నాను, అక్షరాలు చూడు.

నీ ఉత్తరంలో గ్లాసు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మూత పెట్టి లోపలికి తీసుకుపోయిందని చదివి, మా అమ్మే కదా అని నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను చేసిందీ అదేగా! నీ టబ్బు ఎండలో ఉండేది, మూత లేకుండా. నేను తీసుకెళ్ళి నీడలో పెట్టి మూత పెట్టాను. అది అలా ఎందుకు ఉందో అడగలేదు. అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి నువ్వూ చెప్పలేదు, నీడలోకి జరిపానని రాసినా నీ ధ్యాస మూత దగ్గర, కప్ప దగ్గరే ఆగిపోయింది.

వెంటనే గాజు గొట్టం పట్టుకుని టబ్బు దగ్గరికి పరిగెత్తాను. పొద్దున్నే నింపి మూత పెట్టిన నీళ్ళు సాయంత్రానికి కూడా అంతే పసుపు, ముదురు పసుపు. కొలనులో పొడి కలిపాకే నింపుతున్నాను కదా, పిల్లలు ఈదే నీళ్ళకంటే ఎక్కువ మందు ఆ టబ్బులో ఉంది. మర్నాడు అదే టబ్బుని నువ్వు పెట్టిన చోటికి ఈడ్చుకెళ్ళి, ఎండలో మూత లేకుండా ఉంచాను. ఈసారి పొడి కలపకముందే నింపాను. మధ్యాహ్నానికి రంగు పలచబడింది. సాయంత్రానికి చుక్కలు వేస్తే అసలు రంగే లేదు! ఉత్త నీళ్ళు! క్లోరిన్‌ని ఎండ తినేస్తుంది మావయ్యా. ఈత పిల్లలకి కాపలా కాసే మందే, కుండీలోకి పోయేసరికి ఆకుల్ని కాల్చేస్తోంది. మా కాలేజీ కెమిస్ట్రీ మేడమ్‌కి ఫోన్ చేసి అడిగాను. అంతేనంది. కుండీలో మట్టి తక్కువ, రోజూ అవే నీళ్ళు పోస్తే మందు కూడుతూ పోతుందంది. రాయి కలబంద సంగతి అడిగితే, మందమైన ఆకు కాబట్టి కొన్నాళ్ళు ఓర్చుకుంటుందట.

కాబట్టి నువ్వు చేసింది సరైన పని, చెప్పిన కారణం మాత్రం తప్పు. నేను చెప్పిన కారణాలన్నీ చాలా బాగున్నాయి, చేసిన పనే తప్పు. ఎవరు గెలిచారో అమ్మనే తేల్చమను, పలక ఆవిడ దగ్గరే ఉంది.

కుండీలన్నిటికీ ఎండలో ఉంచిన నీళ్ళు కింది కన్నంలోంచి కారిపోయేదాకా పోసి మట్టి కడిగేశాం. మాడిన ఆకులు తుంచేశాం. పిల్లలు వరుసగా కూర్చుని ఎవరి కుండీకి వాళ్ళు చేశారు. గాజు గొట్టంలో రంగు పోవడం వాళ్ళకి చూపించాను. సందేహం మాత్రం చెయ్యెత్తింది. "అయితే అక్కా, తాడు పట్టుకున్నందుకు కాదా?" కాదన్నాను. నీ మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను, వదిలినందుకే కుండీ అని. వెంటనే మళ్ళీ చెయ్యెత్తి, "మావయ్య చూసీ చూడనట్టు ఉన్నాడా? అది మోసం కాదా?" అంది. దానికి జవాబు నువ్వే చెప్పుకోవాలి.

రాయి లేచి తువ్వాలు పక్కన పడేసి నీళ్ళలోకి దిగాడు. ఎందుకురా అంటే, "నేను వదల్లేదుగా" అన్నాడు. మధ్యదాకా పట్టుకుని వెళ్ళాడు, వదిలాడు, మునిగాడు, లేచాడు, దగ్గుతూ ఆ గట్టు చేరాడు. వాళ్ళమ్మ గేటు దగ్గర్నుంచి అంతా చూసింది. సాయంత్రం టబ్బులోంచి మగ్గుతో ముంచి, కలబందకి తనే నీళ్ళు పోసి వెళ్ళింది.

నీ
పసుపు రంగు మేనకోడలు

&nbsp;

జూన్ 5

పసుపు పిల్లకి,

మీ అమ్మ తీర్పు పలక మీద యథాతథంగా: 'ఇద్దరూ తిక్కవాళ్ళే. తిన్నావా.'

ఎండ క్లోరిన్‌ని తింటుందా! ఇన్నేళ్ళూ నేను మొక్కలకి చలి పోగొడుతున్నాననుకున్నాను. అయినా వెచ్చదనం కూడా కొంత పనిచేసి ఉంటుంది, దాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యకు. పెద్దవాణ్ణి, కొంచెమైనా మిగల్చు. సందేహానికి చెప్పు, చూసీ చూడనట్టు ఉండడం మోసమే. వచ్చాక నన్ను గట్టు మీద గొంతుకు కూర్చోబెట్టమను.

కొత్త చిగుళ్ళు వేశాయా? చివరి రోజుకి పచ్చగా కనపడకపోయినా ఫర్వాలేదు. బతికి ఉంటే చాలు, మిగతాది ఇళ్ళలో చూసుకుంటారు.

ఇంకొక్క మాట, ఇష్టమైతేనే. పంపు గదిలో పై అరలో, వలకి వెనకాల ఒక ఖాళీ కుండీ ఉంటుంది. చాలా ఏళ్ళనుంచీ ఉంది. మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడవగానే కేకలు పెట్టిన ఒక చిన్నపిల్ల కోసం కొన్నాను. ఆ పిల్ల తర్వాత పుస్తకాల్లో మునిగింది. మునిగితే చాలు, ఎందులోనైనా ఒకటే అనుకున్నాను. కానీ కుండీ ఎవరికీ ఇవ్వలేదు.

తొందరేం లేదు. నేనెలాగూ అటు తిరిగే ఉంటాను.

ఇట్లు,
మావయ్య

&nbsp;

జూన్ 11

మావయ్యా,

చిగుళ్ళు వేశాయి. నిమ్మ మొక్కకి కొమ్మ చివర, అగ్గిపుల్ల తలంత, పచ్చగా. 'చిగురు' అని ఎన్ని చోట్ల చదివానో, ఎంత చిన్నదో మాత్రం ఎవరూ రాయలేదు. సందేహం దాన్ని ముట్టుకోకుండా ఊపిరి బిగబట్టి చూస్తోంది. గులాబీల్లో ఒకటి పోయింది మావయ్యా, ఎంత చేసినా నిలబడలేదు. దాని యజమాని రెండ్రోజులు మూతి ముడుచుకుని, తర్వాత రాయి దగ్గర ఒక కలబంద పిలక అడిగి తెచ్చుకుని నాటుకున్నాడు. ఇదైతే ఏం చేసినా చావదట.

కుండీ దొరికింది. దుమ్ము దులిపి, మట్టి నింపి, వరుస చివర పెట్టాను. ఆ రోజంతా దానివైపు చూడకుండా తిరిగాను. నువ్వు అక్కడ లేవు, అటు తిరగడానికి ఎవరూ లేరు కదా అని వంక వెతుక్కున్నాను. సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక ఈలక్కని నీళ్ళలో పక్కన ఉండమన్నాను. అందరూ వెళ్ళారనుకున్నాను. ఆ రోజునుంచీ రోజూ అలాగే దిగుతున్నాను. మొదటి రోజు మెట్లు, తర్వాత నడుములోతు, తర్వాత ఆవిడ చెయ్యి. నీకు రాయలేదు. రాస్తే చెయ్యాల్సి వస్తుందని.

నిన్న దాటాను.

నువ్వన్నట్టే లోతు మొదలయ్యే చోట నీళ్ళ రంగు మారింది. రోజూ గొట్టంలో పట్టి చుక్కలు వేసి చూసే ఆ నీళ్ళే, నాకు బాగా తెలిసిన నీళ్ళే, ఒక్కసారి ఎవరివో అయిపోయాయి. చెయ్యి దానంతట అదే తాడు మీదికి పోయింది. గట్టిగా పట్టుకున్నాను. ఈలక్క పక్కనే తేలుతూ ఉంది. అప్పుడు గేటు వెనకనుంచి ఒక గొంతు వినపడింది, "అక్కా, మేము అటు తిరిగాం!" చూద్దును కదా, మొత్తం పిల్లలు, గేటు వెనక వరుసగా, వీపులు ఇటు పెట్టి నిలబడి ఉన్నారు. మధ్యలో సందేహం. "చూడట్లేదు అక్కా, నిజంగా చూడట్లేదు. వదిలావా?"

నవ్వొచ్చింది. నవ్వితే నోట్లోకి నీళ్ళు పోయాయి. కొంచెం క్లోరిన్ వాసన, సరిగ్గా ఉండాల్సినంత. వదిలాను.

నాలుగు రోజుల్లో వచ్చేస్తావు కదా. వచ్చేటప్పుడు నా కిటికీ దగ్గరి మొక్కని వేళ్ళతో సహా జాగ్రత్తగా తీసి, తడిగుడ్డలో చుట్టి పట్టుకురా. కుండీ వద్దు, మొక్క చాలు. కుండీ నా దగ్గర ఉంది.

నీ
మేనకోడలు